లెఫ్ట్ ఒక్కటే

మొదటి పదకొండు రోజులు మాస్టారు నన్ను పిడికిలి బిగించనివ్వలేదు. సిమెంటు నేల మీద సుద్దముక్కతో పొడుగ్గా ఒక గీత గీసి, దాని మీద ముందుకీ వెనక్కీ నడిపించారు. ఎడమకాలు ముందు, కుడికాలు వెనక, మధ్యలో భుజాలంత ఎడం. ముందుకి వెళ్ళాలంటే మొదట ఎడమకాలు కదలాలి, కుడికాలు అంతే దూరం జరిగి దాని వెనక చేరాలి. వెనక్కి రావాలంటే కుడికాలితో మొదలు. కాళ్ళు దగ్గరికొచ్చినా, ఒకదానికొకటి అడ్డం పడినా మాస్టారి విజిల్ తాడు పిక్క మీద చురుక్కుమనేది.

"గుద్దు సేత్తో కొడతారని ఎవడు సెప్పాడ్రా నీకు? గుద్దు కాల్లోంచి వత్తాది. ముందు కాలు కుదరనీ" అనేవారు.

అది 2008 వేసవి. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మాది విశాఖపట్నం వన్‌టౌన్. నాన్న పోర్టులో కలాసీ. కురుపాం మార్కెట్ వెనక సందుల్లో ఒక రేకుల షెడ్డు ఉండేది. సాయంత్రం అయిదింటి నుంచి ఏడున్నర దాకా అక్కడ బాక్సింగ్ నేర్పేవారు. మాస్టారు నేవీలో బాక్సింగ్ చేసి రిటైరైన మనిషి. భీమిలి వైపు వాళ్ళది. ఫీజు ఇంత అని ఎప్పుడూ అడగలేదు. నెలాఖరున ఎవరికి తోచింది వాళ్ళు ఇచ్చేవాళ్ళు, ఇవ్వలేనివాళ్ళు షెడ్డు ఊడ్చేవాళ్ళు. నేను చాలా నెలలు ఊడ్చాను.

షెడ్డుకి వచ్చేవాళ్ళలో సగం మంది ఉద్యోగం కోసమే వచ్చేవాళ్ళు. రాష్ట్రస్థాయిలో ఒక మెడల్, ఆ పైన నేషనల్స్‌లో ఇంకోటి వస్తే స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో, నేవీలోనో, పోలీసులోనో చేరొచ్చు. జాలారిపేట నుంచి, కోటవీధి నుంచి, గాజువాక నుంచి సైకిళ్ళ మీద వచ్చే గుంటలందరి బుర్రల్లో ఆ లెక్కే తిరుగుతుండేది. టీవీలో కామెంటేటర్లు ముందు చేత్తో కొట్టే దెబ్బని జాబ్ అంటారు. మా షెడ్డులో మాత్రం జాబ్ అంటే ఉద్యోగమే. ఆ దెబ్బని అందరం 'లెఫ్ట్' అనేవాళ్ళం.

ఆ లెఫ్ట్ ఒక్కటి నేర్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

పన్నెండో రోజున మాస్టారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా చేతిని తన చేతిలోకి తీసుకున్నారు. నాలుగు వేళ్ళనీ చివరి నుంచి ఒక్కొక్క కణుపూ చుట్టించారు, చాప చుట్టినట్టు. బొటనవేలు లోపల దాచబోతే తీసి బయట పెట్టారు, చూపుడు వేలు, మధ్య వేలు మీదుగా అడ్డంగా. లోపల పెడితే ఆ వేలు విరుగుతుంది. చూపుడు వేలు, మధ్య వేలు మొదట్లో ఉండే రెండు గుబ్బల మీద తన వేలితో నొక్కి, "తగలాల్సింది ఈ రెండే. సిటికెన వేలు వైపు తగిలిందా, సెయ్యి పోయినట్టే" అన్నారు. పిడికిలి, మణికట్టు, ముంజేయి ఒకే వరసలో ఉండాలని నా చేతి మీద పొడుగాటి స్కేలు పెట్టి చూపించారు. స్కేలుకీ మణికట్టుకీ మధ్య సందు కనిపించింది. ఆ సందు పోయేదాకా ఒదలలేదు.

ఆ తర్వాత అద్దం. షెడ్డులో పాత బీరువా తలుపొకటి గోడకి ఆనించి ఉండేది. దాని అద్దం పైమూల పగిలి ఉండేది. దాని ముందు నిలబడి రోజూ మూడొందల లెఫ్ట్‌లు. గడ్డం కిందికి, చూపు పైకి, మోచేతులు పక్కటెముకలకి ఆని, కుడి చెయ్యి కుడి దవడ దగ్గర, వెనకకాలి మడమ కొంచెం లేచి. చెయ్యి వెళ్ళేటప్పుడు వదులుగా వెళ్ళాలి. చివరి జానెడు దూరంలో అరచెయ్యి నేలవైపు తిరగాలి. అలా తిరిగితే భుజం దానంతటదే లేచి గడ్డాన్ని కప్పుతుంది. తగిలే క్షణంలో మాత్రమే పిడికిలి బిగియాలి. ముక్కుతో చిన్నగా 'స్స్' మని ఊపిరి వదలాలి. వెంటనే చెయ్యి వెళ్ళిన దారినే వెనక్కి వచ్చి చెంప దగ్గర కూర్చోవాలి.

నాకు ఈ చివరిదే రాలేదు. చెయ్యి కొట్టడానికి బాగానే వెళ్ళేది. వచ్చేటప్పుడు జారి, నడుము దాకా దిగి, అప్పుడు పైకి వచ్చేది. "పొయ్యి మీద పెనం ముట్టుకుంటే సెయ్యి ఎలా లాక్కుంటావురా? కిందకి దించి లాక్కుంటావా?" అనేవారు మాస్టారు. ఇంటికెళ్ళి అమ్మ అట్లు వేస్తుంటే కాలుతున్న పెనం అంచుని నిజంగానే వేలితో ముట్టుకుని చూశాను. చెయ్యి నేరుగా వెనక్కి వచ్చేసింది. ఆ కదలిక ఒంటికి తెలుసు, అద్దం ముందు నిలబడితే మాత్రం మర్చిపోయేది.

అన్ని నెలలు లెఫ్టే ఎందుకని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. మాస్టారు కోప్పడలేదు. బెంచీ మీద కూర్చుని వివరంగా చెప్పారు. అప్పట్లో పెద్ద పోటీల్లో పాయింట్లు కంప్యూటర్ మీద లెక్కపెట్టేవారు. రింగు చుట్టూ అయిదుగురు జడ్జీలు బటన్లు పట్టుకుని కూర్చునేవారు. దెబ్బ తగిలిందని అయిదుగురిలో కనీసం ముగ్గురు ఒక్క సెకను లోపల నొక్కితేనే పాయింటు. అదీ గ్లవ్ ముందువైపు తెల్లగా ఉండే భాగం తగలాలి. దగ్గరగా దూరి కొట్టే హుక్ ఒక జడ్జికి కనబడితే, ఇంకో జడ్జికి కొట్టినవాడి వీపే కనబడుతుంది. కడుపు మీద దెబ్బలకి పాయింట్లు రావడం చాలా కష్టం. దూరం నుంచి తిన్నగా వెళ్ళి మొహం మీద తగిలే లెఫ్ట్ మాత్రం నాలుగు వైపులా అందరికీ కనబడుతుంది. "బలం సూపించడం వేరు, పాయింటు తేవడం వేరు" అన్నారు. ఆ రోజు నుంచి మూడొందలూ విసుగు లేకుండా కొట్టాను.

ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్ వచ్చాయి. షెడ్డుకి దగ్గర్లో ఉన్న ఒకళ్ళ ఇంట్లో టీవీ ముందు ఇరవై మందిమి ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. 54 కిలోల్లో అఖిల్ కుమార్ ప్రపంచ ఛాంపియన్ వోదోప్యానోవ్‌తో 9–9 మీద సమానంగా నిలిచి, మొత్తం దెబ్బల లెక్కలో గెలిచినప్పుడు మేం పెట్టిన కేకలకి పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. నాది కూడా 54 కిలోలే. అఖిల్ చేతులు కిందికి దించి, మొహం ఎదురు పెట్టి ఆడతాడు. మర్నాడు షెడ్డులో అందరి చేతులూ కిందే ఉన్నాయి. మాస్టారు ఏమీ అనకుండా చేతులు దించిన ప్రతివాడి నుదుటి మీదా వేళ్ళతో తట్టుకుంటూ వెళ్ళారు. వరస చివరికొచ్చాక, "ఆ కళ్ళు వేరు, ఆ కాళ్ళు వేరు. పదిహేనేళ్ళు సేతులు పైన పెట్టి ఆడండి, తర్వాత దించుదురు గానీ" అన్నారు. అఖిల్ తర్వాతి బౌట్‌లో ఓడిపోయాడు. ఆగస్టు 20న విజేందర్ 9–4తో క్వార్టర్ ఫైనల్ గెలిచి పతకం ఖాయం చేసుకున్నాడు. బాక్సింగ్‌లో మన దేశానికి అదే మొదటి ఒలింపిక్ పతకం. ఆ రాత్రి మాస్టారు అందరికీ మిరపకాయ బజ్జీలు కొనిపెట్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి.

లెఫ్ట్ తర్వాత రైట్ తొందరగానే వచ్చింది, కాలు అప్పటికి కుదిరింది కాబట్టి. "బీడీ ముక్క కాలికింద నలిపినట్టు" కుడి పాదం వేళ్ళ మీద తిరగాలి, మడమ బయటికి పోవాలి, దాంతో తుంటి, దాంతో భుజం, చివర్న చెయ్యి. హుక్ మాత్రం బాధ పెట్టింది. మోచెయ్యి బయటికి తేలిపోతోందని చంకలో మడిచిన ఈనాడు పేపరు పెట్టించేవారు. దెబ్బకి బయల్దేరినప్పుడే పేపరు జారాలి, అంతకుముందు పడితే లెక్కలోకి రాదు. ఒకసారి బ్యాగు మీద హుక్ కొడుతూ మణికట్టు మెలిపెట్టుకున్నాను. మా బ్యాగు గోనెసంచిలో పాత బట్టలూ ఇసుకా కుక్కి కుట్టింది. ఇసుకంతా కిందికి దిగి అడుగుభాగం బండలా గట్టిపడిపోయింది, నేను అక్కడే కొట్టాను. అమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. మూడు వారాలు కుడిచెయ్యి ముట్టుకోవద్దన్నారు మాస్టారు. అప్పుడు కూడా లెఫ్టే.

చేతికి చుట్టే పట్టీల గురించి చెప్పకపోతే అమ్మకి అన్యాయం చేసినట్టే. కాటన్ పట్టీ, ఒక కొసన బొటనవేలు దూర్చుకునే చిన్న గాజు లాంటి ముడి. మణికట్టు చుట్టూ మూడు చుట్లు, చేతి వెనకగా వేళ్ళ గుబ్బల మీద మూడు చుట్లు, తర్వాత వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటి, బొటనవేలి చుట్టూ ఒకటి, మళ్ళీ మణికట్టుకి. పిడికిలి బిగిస్తే బిగుతుగా ఉండాలి, చాపితే రక్తం ఆడాలి. రోజూ చెమటకి తడిసి ముద్దయ్యేవి. అమ్మ రాత్రి ఉతికి దండెం మీద ఆరేసేది. వైజాగ్ ఉక్కలో, వానాకాలంలో, అవి తెల్లారినా ఆరేవి కావు. ఇస్త్రీ పెట్టె కాల్చి వాటి మీద రుద్ది ఆరబెట్టేది. ఆరాక గట్టిగా ఉండ చుట్టి, బొటనవేలి ముడి పైకి కనబడేలా పెట్టేది. అలా చుడితే విప్పుతూ నేరుగా చేతికి చుట్టుకోవచ్చు. ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను చుట్టుకుంటుంటే ఒకసారి చూసిందంతే. నేను దెబ్బలాడటం ఆమెకి ఇష్టం లేదు, ఒక్క పోటీకీ రాలేదు. పొద్దున్నే చోడి అంబలి, నానబెట్టిన శనగలు, రెండు ఉడకబెట్టిన గుడ్లు మాత్రం ఏ రోజూ తప్పలేదు.

నవంబరులో స్పారింగ్, అంటే ఎదురుగా మనిషిని పెట్టుకుని చేసే సాధన, మొదలైంది. చైనాలోని నింగ్‌బోలో మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగిన నెల అది. మా విశాఖ అమ్మాయి నగిశెట్టి ఉష రజతం తెచ్చింది. మాస్టారు పేపర్లో ఆ వార్త కత్తిరించి బీరువా అద్దం పక్కన అంటించారు.

స్పారింగ్‌కి ముందు రోజు జగదాంబ దగ్గర స్పోర్ట్స్ షాపులో, పళ్ళకి దెబ్బ తగలకుండా పెట్టుకునే గమ్‌షీల్డ్ కొన్నాను. వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికి, పెదాల మీది నుంచి వేళ్ళతో అదిమి పట్టుకోవాలి, పళ్ళ అచ్చు పడేదాకా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మొహానికి వాజలీన్ రాసి, షెడ్డువాళ్ళందరిదీ అయిన ఎర్ర హెడ్‌గార్డ్ పెట్టారు. లోపల ఇంకొకరి చెమట తడి అలాగే ఉంది. గ్లవ్స్ కూడా అంతే, 16 ఔన్సులవి, దిండ్లలా. ఎదురుగా జాలారిపేట అన్న.

ఆయన నాకంటే అయిదేళ్ళు పెద్ద. తెల్లవారుజామున తండ్రితో బోటు మీద వెళ్ళి, వచ్చి, నిద్రపోయి, సాయంత్రం షెడ్డుకి వచ్చేవాడు. ఎడమచేతి వాటం. రాష్ట్ర పోటీల్లో అప్పటికే రెండు మెడల్స్ ఉన్నాయి. మనిషి సన్నగా, నల్లగా, వలలు లాగిన చేతులతో ఉండేవాడు. మాట తక్కువ.

"లెఫ్ట్ ఒక్కటే. ఇద్దరూ ముందు సెయ్యే వాడాలి" అని మాస్టారు విజిల్ వేశారు. జాలారిపేట అన్నకి ఎడమచేతి వాటం కాబట్టి ఆయన ముందు చెయ్యి కుడిది. నా చేతికి ఆయన చెయ్యే అడ్డం. అద్దం ముందు కొట్టిన వేల లెఫ్ట్‌లలో ఒక్కటీ ఎటు పంపాలో తెలియలేదు. మొదటిది పంపాను, గాలిలో కలిసింది. రెండోది పంపి వెనక్కి తీసుకునేలోపు ముక్కు మీద తగిలింది. గట్టిది కాదు, తలుపు తట్టినంతే. అయినా రెండు కళ్ళలోంచీ నీళ్ళు ధారగా వచ్చేశాయి. ఏడుపు కాదది. ముక్కు మీద తగిలితే ఎవరికైనా అంతే. కానీ ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు, అందరి ముందూ ఏడుస్తున్నానని బెంగ పట్టుకుంది. ఆ తర్వాత అన్న చెయ్యి కదిలినప్పుడల్లా కళ్ళు మూసుకుపోయేవి. ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను. నిమిషం కాకముందే చేతులు బండరాళ్ళు అయిపోయాయి. సముద్రం ఒడ్డున కోస్టల్ బ్యాటరీ నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా ఆగకుండా పరిగెత్తే నాకు, రెండు నిమిషాల రౌండు అయ్యేసరికి తాడు పట్టుకోకపోతే నిలబడలేనట్టయింది. టెన్షన్ మనిషిని అలసటకంటే తొందరగా తినేస్తుందని అప్పుడే తెలిసింది.

విజిల్ మోగాక అన్న గ్లవ్‌తో నా తల మీద తట్టి, "కళ్ళు ముయ్యకు తమ్ముడా. సూత్తే తగిలినా నొప్పి తక్కువ. సూడకపోతేనే బయం" అన్నాడు.

ఆ కళ్ళు తెరిపించడానికి నెల పట్టింది. ప్రాక్టీసు అయ్యాక అందరూ వెళ్ళిపోతే అన్న నన్ను గోడకి ఆనించి నిలబెట్టేవాడు. నా చేతులు వెనక్కి. ఆయన తువ్వాలు కొస పట్టుకుని నా మొహం ముందు, కనుబొమలకి బెత్తెడు దూరంలో విసిరేవాడు. రెప్ప వేయకూడదు. వేస్తే మళ్ళీ మొదటి నుంచి. తర్వాత తువ్వాలు బదులు గ్లవ్, నుదుటికి ఆనీ ఆననట్టు. ఆయన తెల్లవారుజామున మూడింటికి మళ్ళీ బోటెక్కాలి. అయినా ఏ రోజూ "ఇంక చాలు" అని ముందుగా అన్నది ఆయన కాదు. ఒక సాయంత్రం గ్లవ్ వస్తుండగా దాని మీద కుట్టు ఊడిన దారం ఒకటి కనిపించింది. అన్నకి చెప్పాను, దారం ఊగుతోందని. ఆయన గ్లవ్ తిప్పి చూసుకుని నవ్వాడు. "సూశావన్నమాట" అన్నాడు. మర్నాడు మాస్టారికి తనే చెప్పాడు.

ఆ తర్వాత స్పారింగ్ ఇంకోలా అయిపోయింది. దెబ్బ వస్తుంటే ముందుగా చెయ్యి కాదు, భుజం చెబుతుంది. భుజంకంటే ముందు కాలు చెబుతుంది. మాస్టారు పదకొండు రోజులు ఆ గీత మీద ఎందుకు నడిపించారో అప్పుడు అర్థమైంది. కాలు నాకు తెలిసింది కాబట్టి ఎదుటివాడి కాలు చదవగలిగాను. ఎడమచేతి వాటం వాడితో ఆడేటప్పుడు నా ఎడమపాదం వాడి ముందుపాదానికి బయటివైపు పెట్టాలని అన్న తన మీదే నాకు నేర్పించాడు, తనని ఎలా కొట్టాలో తనే చెప్పి. నా ఎడమచెయ్యి కిందికి జారినప్పుడల్లా గ్లవ్‌తో నా చెంప మీద చిన్నగా తట్టేవాడు. గట్టిగా కొట్టడానికి అది మంచి అవకాశం. ఎప్పుడూ కొట్టలేదు, తట్టేవాడు. ఒక్క రౌండులో ఏడుసార్లు తట్టిన రోజు ఉంది.

మాస్టారిది ఒకే నియమం. ఇద్దరిలో ఎవడికి ఎక్కువ వచ్చో, వాడిదే బాధ్యత. పెద్దవాడు చిన్నవాడి స్థాయికి దిగి ఆడాలి. తల మీద గట్టి దెబ్బ తగిలి ఎవడైనా తూలితే ఆ రోజుకే కాదు, చాలా రోజులు వాణ్ణి రింగు ఎక్కనిచ్చేవారు కాదు. నాకేం కాలేదని వాడు ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు.

ఇంకో సంగతి ఉంది. రాయకుండా ఉండలేను. 2009 సంక్రాంతి తర్వాత. ఆ జనవరి నుంచి రెండు నిమిషాల రౌండ్లు నాలుగు పోయి, మూడు నిమిషాలవి మూడు వచ్చాయి. ఆ మూడో నిమిషం మా అందరి ప్రాణాలూ తోడేసేది. జిల్లా పోటీలు దగ్గర పడుతున్నాయి. ఆ రోజు ఇంట్లో గొడవ. నాన్న ఇంటర్ మార్కుల గురించి అనరాని మాటలు అన్నాడు. అదే మొహంతో షెడ్డుకి వచ్చాను. అన్నతో స్పారింగ్. ఎప్పట్లాగే నా చెయ్యి జారింది, ఎప్పట్లాగే ఆయన చెంప మీద తట్టాడు. రోజూ తట్టేదే, ఆ రోజు మాత్రం ఎగతాళిలా తగిలింది. రెండోసారి తట్టాడు. మూడోసారి తట్టబోతూ ఆయన దగ్గరికి వచ్చినప్పుడు, ఆయన చేతులు వదులుగా ఉన్నాయని తెలిసీ, కుడికాలు తిప్పి, తుంటి తిప్పి, ఉన్న బలమంతా పెట్టి రైట్ కొట్టాను. మాస్టారు నేర్పినట్టే, ఒక్క తప్పు లేకుండా. నా జీవితంలో అంత చక్కగా తగిలిన దెబ్బ అదే. అన్న రెండడుగులు వెనక్కి వెళ్ళి తాళ్ళకి ఆనుకున్నాడు. కింది పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది.

షెడ్డంతా ఆగిపోయింది. తాడు ఆడుతున్నవాళ్ళు కూడా ఆపేశారు. తిరిగి కొడతాడని చూశాను. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాను. ఆయన గమ్‌షీల్డ్ తీసి చేతిలో పెట్టుకుని, నా వైపు చూసి, "ఏటయ్యింది తమ్ముడా?" అన్నాడు. కోపంగా కాదు. నాకేమైందో తెలుసుకోవాలని అడిగాడు.

మాస్టారు రింగులోకి వచ్చి నా గ్లవ్స్ విప్పారు. ముడులు ఒక్కొక్కటీ నెమ్మదిగా విప్పారు, ఒక్క మాట అనలేదు. "రెండు వారాలు సీపురు పట్టు" అన్నారు చివరికి. ఆ పధ్నాలుగు రోజులూ ఊడ్చాను. జిల్లా పోటీలు వెళ్ళిపోయాయి, నా పేరు ఇవ్వలేదు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

నేను కొట్టిన ఆ రోజు రాత్రే ఎనిమిదింటికి అన్న మా ఇంటికి వచ్చాడు. వాచిన పెదవితో. చేతిలో సంచి, సంచిలో అరకేజీ రొయ్యలు. అమ్మ కంగారు పడి "ఏమైంది బాబూ మూతికి?" అంటే, "బోటు మీద తాడు తగిలింది పిన్నీ" అన్నాడు. రొయ్యలు అమ్మకిచ్చి, నాన్నతో పోర్టు సంగతులు కాసేపు మాట్లాడి, వెళ్తూ గుమ్మం దగ్గర నాతో, "రైట్ బాగుంది. కానీ కొట్టాక లెఫ్ట్ ఎక్కడుందో సూసుకున్నావా? మోకాలి దగ్గరుంది. నాను కొట్టుంటే?" అని వెళ్ళిపోయాడు. నేను క్షమించమని కూడా అడగలేకపోయాను. గొంతు రాలేదు.

తర్వాత రెండేళ్ళు ఆడాను. తూకం కోసం రాత్రిళ్ళు పస్తులుండటం, తెల్లారి మిషన్ ఎక్కడం, గెలవడం, ఓడటం అన్నీ అయ్యాయి. జిల్లాలో ఒక వెండి పతకం, రాష్ట్ర పోటీల్లో మొదటి రౌండులోనే ఓటమి. అక్కడితో నాది ముగిసింది. డిగ్రీ, ఉద్యోగం, పరవాడలో మందుల కంపెనీలో షిఫ్టులు. అన్నకి కూడా కోటా ఉద్యోగం రాలేదు. రెండుసార్లు అంచుదాకా వెళ్ళి తప్పింది. వయసు దాటిపోయాక మళ్ళీ పూర్తిగా బోటు మీదికే వెళ్ళిపోయాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. మా షెడ్డులో ఆయనంత బాక్సర్ ఇంకొకడు లేడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు షెడ్డు రేకులన్నీ ఎగిరిపోయాయి. నాలుగు రోజులయ్యాక వెళ్ళి చూస్తే బీరువా అద్దం ముక్కలై ఉంది. నేల మీద నీళ్ళు, ఆ నీళ్ళ అడుగున ఇంకా కనిపిస్తున్న ఎర్రరంగు గీత. సుద్దగీత చెరిగిపోతోందని మాస్టారు ఆ మధ్యే పెయింట్ వేయించారట. షెడ్డు మళ్ళీ లేవలేదు. మాస్టారు భీమిలి వెళ్ళిపోయారు, అక్కడే పోయారు.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. ఫైనల్లో థాయిలాండ్ అమ్మాయి జిత్‌పోంగ్ మీద 5–0, అయిదుగురు జడ్జీలూ ఆమె వైపే. నేను ఫోన్లో చూస్తూ, ఆమె చేతుల కంటే ఆమె కాళ్ళే ఎక్కువ చూశాను. అయిపోయాక ఆ బౌట్ గురించి మాట్లాడటానికి పక్కన ఎవరూ లేరు. ఆ ఆదివారం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను.

వేట నిషేధం రోజులవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వరసగా కట్టేసిన బోట్లకి మరమ్మతులు, రంగులు. అన్న మోకాళ్ళ మీద కూర్చుని బోటు పక్కచెక్కకి నీలం రంగు వేస్తున్నాడు. జుట్టు ముందువైపు నెరిసింది. కింది పెదవి మీద ఎడమవైపు చిన్న గీత అలాగే ఉంది. నేను దాన్నే చూస్తున్నానని ఆయనకి తెలిసింది.

"నిఖత్‌ని సూశావా?" అన్నాడు మొదటి మాటగా.

చూశానన్నాను. ఇద్దరం మూడు రౌండ్లూ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకున్నాం. ఆమె ఎప్పుడు లోపలికి వెళ్ళింది, ఎప్పుడు వెనక్కి తీసుకుంది, పాదం ఎక్కడ పెట్టింది. టీలు వచ్చాయి, చల్లారిపోయాయి. మాటల మధ్యలో, పదమూడేళ్ళు లోపల పెట్టుకున్నది, ఆ రోజు గుమ్మంలో అడగలేనిది అడిగేశాను. "అన్నా, ఆ రోజు..." అన్నాను. ఆయన వినిపించనట్టు బ్రష్ డబ్బాలో పెట్టి లేచి నిలబడ్డాడు. కుడి అరచెయ్యి తన భుజం ఎత్తులో చాపాడు. అరచెయ్యంతా నీలం రంగు.

"లెఫ్ట్" అన్నాడు.

ఎడమకాలు ముందుకి వేసి కొట్టాను. చప్పుడు బాగానే వచ్చింది. చెయ్యి వెనక్కి వచ్చేలోపు ఆయన ఎడమచెయ్యి నా చెంప మీద చిన్నగా తట్టింది. తడి రంగు చల్లగా తగిలింది.

"ఇంకా జారతంది తమ్ముడా. మళ్ళీ కొట్టు" అన్నాడు.

నా చేతిలోని బైక్ తాళాలు వలల కుప్ప మీద పెట్టి, మళ్ళీ నిలబడ్డాను.